స్పిరులినా మెదడును కాపాడుతుందా: పరిశోధనలు ఇంతవరకు చెప్పినవి

ముదురాకుపచ్చ మాత్రలుగా, పొడిగా మందుల షాపుల్లో దొరికే స్పిరులినాను అందరూ నాచు అనే అంటారు. జీవశాస్త్రం లెక్కన మాత్రం అది ఎండ సాయంతో తన ఆహారం తానే తయారు చేసుకునే ఒక బాక్టీరియా. దీన్ని సయనోబాక్టీరియా అనే వర్గంలో చేర్చారు. సూక్ష్మదర్శినిలో చూస్తే మెలి తిరిగిన సన్నని పోగులు కనిపిస్తాయి. ఆర్థ్రోస్పైరా ప్లాటెన్సిస్, ఆర్థ్రోస్పైరా మాక్సిమా అనే రెండు జాతులు ఆహారంగా వాడుకలో ఉన్నాయి. చాలా జీవులు బతకలేనంత క్షారం ఉన్న నీళ్లలో, పీహెచ్ 9 నుంచి 11 దాకా ఉన్నచోట, ఇవి దట్టంగా పెరుగుతాయి.

తిండిగా దీని చరిత్ర పాతదే. మెక్సికోలో అజ్టెక్ ప్రజలు టెక్స్‌కోకో సరస్సు మీద తేలే ఈ తెట్టును దేవి, ఎండబెట్టి, బిళ్ళలుగా చేసి సంతల్లో అమ్మేవారని 16వ శతాబ్దపు స్పెయిన్ రచయితలు రాశారు. ఆఫ్రికాలో చాద్ సరస్సు పక్కన కానెంబు తెగ స్త్రీలు నీటి గుంటల నుంచి దీన్ని తీసి ఇసుక మీద ఎండబెడతారు. 'దిహే' అని పిలిచే ఆ బిళ్ళలను పులుసుల్లో కలుపుతారు. 1960లలో బెల్జియం వృక్షశాస్త్రవేత్త జాన్ లియోనార్ అక్కడ చూసి వచ్చి రాశాకే ప్రపంచం దీన్ని పట్టించుకుంది. మన దేశంలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, చెన్నైలోని మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రం దీని సాగును పల్లెల స్థాయికి దించే పని చేశాయి. తమిళనాడులోని ఊనైయూరులో పెద్ద ఎత్తున ఉత్పత్తి జరుగుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు స్పిరులినా ఇచ్చి, అందులోని కెరోటిన్లు ఒంటికి ఎంతవరకు పడతాయో పరిశీలించి 1991లో ప్రచురించారు. అప్పటి ప్రశ్నలన్నీ ప్రొటీన్ కొరత, విటమిన్ ఎ కొరత చుట్టూ తిరిగినవే. మెదడును కాపాడే పదార్థం అన్న పేరు గత పాతికేళ్లలో వచ్చింది.

ఆ పేరుకు గిరాకీ ఎందుకు ఏర్పడిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెబుతోంది. అల్జీమర్స్ జబ్బును నయం చేసే మందు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పేర్లు మరిచిపోవడం మొదలైతే, హాని లేదనిపించే ఏ సీసానైనా కొనిపెట్టాలని పిల్లలకు అనిపిస్తుంది. అలా కొనేవారికి ఇంతవరకు తేలింది ఏమిటో, తేలనిది ఏమిటో విడివిడిగా తెలియాలి.

పోషకాల లెక్క

స్పిరులినా ప్రచారంలో మొదట వినిపించేది ప్రొటీన్ మాట. ఎండిన పొడి 100 గ్రాముల్లో దాదాపు 57 గ్రాముల ప్రొటీన్, 28 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. అంకెలు నిజమే. కానీ ఎవరూ రోజుకు 100 గ్రాములు తినరు. మామూలుగా వాడే మోతాదు 1 నుంచి 5 గ్రాములు. 3 గ్రాముల పొడిలో వచ్చే ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది. అదే 3 గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాముకు తక్కువ. కాబట్టి స్పిరులినా మెదడుకు ఏదైనా మేలు చేస్తే, అది ప్రొటీన్ వల్లో ఇనుము వల్లో కాదు. చాలా కొద్ది పరిమాణంలోనే పనిచేయగల పదార్థం ఏదో అందులో ఉండాలి.

పరిశోధకుల చూపు పడింది ఫైకోసయనిన్ అనే నీలి రంగు పదార్థం మీద. స్పిరులినా పొడిని నీళ్లలో నానబెడితే పైన తేరే నీలి రంగు ఇదే. మిఠాయిలకు, చూయింగ్ గమ్‌కు రంగుగా వాడుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో దీనికి అనుమతి ఇచ్చింది. ఈ రంగు పదార్థంలో ఫైకోసయనోబిలిన్ అనే చిన్న అణువు అతుక్కుని ఉంటుంది. దాని నిర్మాణం మన ఒంట్లో తయారయ్యే బిలివెర్డిన్‌ను, దాని నుంచి వచ్చే బిలిరుబిన్‌ను చాలావరకు పోలి ఉంటుంది. కామెర్లలో కళ్లను పసుపు చేసే బిలిరుబిన్ మామూలు మోతాదులో ఉన్నప్పుడు శరీరానికి రక్షకురాలు. పుట్టుకతో బిలిరుబిన్ కాస్త ఎక్కువగా ఉండే గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవారిలో గుండెజబ్బులు తక్కువగా కనిపించడానికి ఇదే కారణమని భావిస్తున్నారు.

మెదడుకూ దీనికీ లంకె ఇలా కుదురుతుంది. ఒంటి బరువులో మెదడు రెండు శాతమే అయినా, శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. అంత ఆక్సిజన్ ఖర్చయ్యేచోట కణాలను పాడుచేసే ఫ్రీ రాడికల్స్ కూడా ఎక్కువగా పుడతాయి. పైగా మెదడులో మైక్రోగ్లియా అనే కాపలా కణాలు ఉంటాయి. దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చేరినా, చెడిన ప్రొటీన్లు పేరుకున్నా ఇవి రెచ్చి, ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ద్వారా సూపర్ ఆక్సైడ్‌ను వెదజల్లుతాయి. కాసేపు జరిగితే అది రక్షణ. ఏళ్ల తరబడి సాగితే పక్కనున్న నాడీకణాలే కాలిపోతాయి. అల్జీమర్స్, పార్కిన్సన్స్ రెండింటిలోనూ ఈ దీర్ఘకాలపు మంట కనిపిస్తుంది. బిలిరుబిన్ ఈ ఎంజైమ్‌కు కళ్లెం వేస్తుంది. ఫైకోసయనోబిలిన్ కూడా అదే చేయగలదన్న ప్రతిపాదనను అమెరికా పరిశోధకుడు మార్క్ మెకార్టీ 2007లో వివరంగా ముందుకు తెచ్చాడు. స్పిరులినా, మెదడు గురించి వచ్చిన ఊహల్లో ఇంత బలమైన జీవరసాయన ఆధారం ఉన్నది ఇదొక్కటే అనవచ్చు.

ఎలుకలు ఏం చెప్పాయి

జంతు పరిశోధనలు ఒకటీ రెండూ కావు, ఫలితాలూ చాలావరకు ఒకే దిక్కుకు ఉన్నాయి. 1999లో స్పెయిన్ పరిశోధకులు ఎలుకలకు కైనిక్ యాసిడ్ అనే నాడీ విషం ఇచ్చి, ఫైకోసయనిన్ నోటి ద్వారా అందిన వాటిలో జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ తక్కువగా దెబ్బతిన్నదని చూపారు.

2002లో అమెరికాలో పాలా బిక్‌ఫోర్డ్ బృందం చేసిన ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. వయసు మీద పడిన ఎలుకల్లో చిన్నమెదడులోని కణాలు నోరాడ్రినలిన్ సంకేతానికి సరిగా స్పందించవు. కొత్త కదలికలు నేర్చుకోవడం మందగించడానికి అదొక కారణం. 18 నెలల వయసున్న ఎలుకలకు రెండు వారాలపాటు ఒక గుంపుకు స్పిరులినా, ఒక గుంపుకు ఆపిల్, ఇంకో గుంపుకు దోసకాయ కలిపిన మేత పెట్టారు. ఫ్రీ రాడికల్స్‌ను అణచే గుణం స్పిరులినాలో ఎక్కువ, ఆపిల్‌లో ఓ మోస్తరు, దోసకాయలో తక్కువ. ఫలితాలూ అదే వరసలో వచ్చాయి. స్పిరులినా తిన్నవాటిలో కణాల స్పందన తిరిగి మెరుగైంది, మంటను రేపే సైటోకైన్లు తగ్గాయి. దోసకాయ తిన్నవాటిలో మార్పు లేదు. మంచి తిండి ఏది పెట్టినా బాగుపడతాయన్న సందేహానికి ఈ దోసకాయ గుంపే జవాబు. అందుకే ఈ రంగంలో వచ్చిన చాలా వ్యాసాలకంటే దీనికి విలువ ఎక్కువ.

ఆ పరిశోధకులే భాగస్వాములుగా 2005లో పక్షవాతం మీద జరిగిన ప్రయోగంలో ఎలుకలకు నాలుగు వారాలు బ్లూబెర్రీ, పాలకూర జాతి స్పినాచ్, స్పిరులినాలలో ఒకటి కలిపిన మేత పెట్టి, తర్వాత మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనిని కొంతసేపు మూశారు. మూడు గుంపుల్లోనూ మామూలు మేత తిన్నవాటికంటే మెదడులో చచ్చిపోయిన భాగం చిన్నదిగా ఉంది. డోపమైన్ కణాలను విషంతో దెబ్బతీసిన మరో ప్రయోగంలో ఆసక్తికరమైన విషయం బయటపడింది. స్పిరులినా తిన్న ఎలుకల్లో మైక్రోగ్లియా మొదటి వారంలో మరింత చురుకుగా కనిపించి, నెల తిరిగేసరికి తగ్గిపోయాయి. అంటే ఇది కాపలా కణాలను పూర్తిగా నిద్రపుచ్చడం లేదు. అవి పని త్వరగా ముగించి సద్దుమణిగేలా చేస్తున్నట్టుంది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను పేరుకునేలా చేసి పార్కిన్సన్స్‌ను పోలిన స్థితిని తెచ్చిన ఎలుకల్లోనూ స్పిరులినా మేత నాడీకణాలను కొంత కాపాడిందని 2012లో ప్రచురించారు. త్వరగా ముసలితనం వచ్చేలా పెంచిన చుంచెలుకల్లో జ్ఞాపకశక్తి నిలిచిందని, అల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్ తగ్గిందని తైవాన్ నుంచి 2011లో మరో నివేదిక వచ్చింది.

ఇన్ని చూశాక కూడా తొందరపడకూడదు. వీటిలో చాలావాటిలో దెబ్బ తగలకముందే ఎలుకలకు స్పిరులినా పెట్టారు. మనిషి ఆస్పత్రికి వచ్చేది జబ్బు ముదిరాక. ప్రయోగశాలలో ఒకే రకం మేత తిని, ఒకే రకం బోనులో పెరిగిన ఎలుకకు కొత్తగా ఏ పోషకం చేరినా తేడా పెద్దదిగా కనబడుతుంది. రకరకాల కూరలు, పప్పులు తినే మనిషిలో అదే తేడా మునిగిపోవచ్చు. పైగా ఫలితం కనిపించని ప్రయోగాలు అచ్చులోకి రావడం తక్కువ.

మోతాదు దగ్గర చిక్కు ఇంకా గట్టిది. తైవాన్ ప్రయోగంలో చుంచెలుకకు కిలో బరువుకు గరిష్ఠంగా 200 మిల్లీగ్రాములు ఇచ్చారు. చుంచెలుక మోతాదును మనిషికి మార్చాలంటే సుమారు 12తో భాగించడం ఆనవాయితీ. ఆ లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు ఒక గ్రాము. మెకార్టీ మాత్రం ఫైకోసయనోబిలిన్ నిజంగా పనిచేయాలంటే రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు నిండుగా కావాలని లెక్కగట్టాడు. ఒకే పదార్థానికి రెండు అంచనాల మధ్య 30 రెట్ల తేడా ఉంది. షాపులో అమ్మే మాత్రల మోతాదు ఈ రెండింటిలో మొదటిదానికే దగ్గర.

మనుషుల మీద జరిగినవి

మతిమరుపు జబ్బు ఉన్న మనుషుల మీద పద్ధతి ప్రకారం జరిగిన పరీక్షలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2022లో దక్షిణ కొరియా నుంచి వచ్చిన దాంట్లో జ్ఞాపకశక్తి స్వల్పంగా తగ్గిన 80 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు గ్రాము చొప్పున స్పిరులినా సారం, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్రలు 12 వారాలు ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో ఇచ్చేవారికీ తీసుకునేవారికీ తెలియదు. కంటితో చూసిన వాటిని నేర్చుకుని గుర్తుంచుకునే పరీక్షల్లో సారం తీసుకున్నవారు మెరుగయ్యారు. అయితే అది ఇథనాల్‌తో తీసిన సారం. బజారులో దొరికే పొడి, అదీ ఒకటి కాదు.

2023లో ఇరాన్ నుంచి వచ్చిన పరీక్షలో 60 మంది అల్జీమర్స్ రోగులు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల స్పిరులినా, ఇదీ 12 వారాలే. డాక్టర్లు ఈ రోజు ఏ వారం, ఈ ఊరి పేరేమిటి, వంద నుంచి ఏడు తీసేస్తూ రండి అని అడిగి 30 మార్కులకు వేసే పరీక్షలో స్పిరులినా జట్టు కొంత ముందుకు వచ్చింది. రక్తంలో మంటకు గుర్తయిన సీఆర్‌పీ, ఇన్సులిన్ కూడా తగ్గాయి. ఇంకా ముందు, 2016లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు రోజుకు 3 గ్రాములు ఎనిమిది వారాలు ఇచ్చి మానసిక అలసటను కొలిచిన చిన్న పరీక్ష ఒకటుంది. అది జబ్బుకు సంబంధించింది కాదు.

మరుపు ఉన్నవారి మీద జరిగిన ఆ రెండు పరీక్షల్లోనూ ఫలితం కనబడటం ఆశ కలిగించేదే, కొట్టిపారేయదగినది కాదు. కానీ పదులు దాటని మనుషులు, మూడు నెలల గడువు చాలవు. అల్జీమర్స్ పదీ ఇరవై ఏళ్లపాటు మెదడులో పాకే జబ్బు. మూడు నెలల్లో కనబడిన మార్కుల మెరుగు జబ్బు నడకను ఆపిందా, ఆ రోజుల్లో చురుకుదనాన్ని పెంచిందా అన్నది ఈ పరీక్షలతో తెలియదు. అది తెలియాలంటే మెదడు స్కానుల్లో హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం తగ్గిందా, రక్తంలో జబ్బు గుర్తులైన ప్రొటీన్లు తగ్గాయా అని ఏడాదిన్నర, రెండేళ్లు చూడాలి. వందలమంది మీద అలాంటి పరీక్ష స్పిరులినాకు ఇంకా జరగలేదు.

చుట్టుదారిన వచ్చే మేలు ఒకటి ఉండవచ్చు. స్పిరులినా రక్తపోటును, కొలెస్ట్రాల్‌ను కొద్దిగా తగ్గిస్తుందని చిన్న చిన్న పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. డిమెన్షియాకు దారితీసే, మార్చుకోగల 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో గుర్తించింది. నడివయసులో అధిక రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ అందులో ఉన్నాయి. అయితే బీపీ మాత్ర చేసేంత పని స్పిరులినా చేయదు. దీన్ని నమ్ముకుని ఆ మాత్ర మానేస్తే మెదడుకు జరిగేది నష్టమే.

డీహెచ్ఏ నేర్పిన పాఠం

నాచు నుంచి వచ్చే పోషకాల్లో మెదడు విషయమై గట్టిగా పరీక్షించినది ఒక్కటే, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు. స్పిరులినాలో ఇది దాదాపు లేదు. షైజోకైట్రియం వంటి సముద్రపు సూక్ష్మజీవుల నుంచి దీన్ని తీస్తారు. చేపల్లో ఉన్న డీహెచ్ఏ కూడా నాచు ద్వారా వాటికి చేరిందే. మెదడు కణాల పొరల్లో ఇది ప్రధానమైన కొవ్వు కనుక, ఫైకోసయనిన్ కన్నా దీని మీదే ఆశలు ఎక్కువ ఉండేవి.

2010లో రెండు పెద్ద ఫలితాలు వచ్చాయి. 55 ఏళ్లు పైబడి, జబ్బు లేకుండా మరుపు మాత్రం మొదలైన 485 మందికి రోజుకు 900 మిల్లీగ్రాముల నాచు డీహెచ్ఏ 24 వారాలు ఇస్తే జ్ఞాపకశక్తి పరీక్షలో తప్పులు తగ్గాయి. అప్పటికే అల్జీమర్స్ వచ్చిన 402 మందికి రోజుకు 2 గ్రాములు 18 నెలలు ఇస్తే జబ్బు నడకలో ఏ తేడా లేదు. రెండో పరీక్షకు మోతాదు ఎక్కువ, గడువూ ఎక్కువ. అయినా ఫలితం సున్నా. కణాలు చచ్చిపోయాక వాటి పొరలకు కావలసిన కొవ్వు ఎంత పోసినా లాభం లేదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఎలుకల్లో డీహెచ్ఏకు వచ్చిన ఫలితాలు స్పిరులినాకు వచ్చినవాటికి ఏమాత్రం తీసిపోవు. ఇరాన్ పరీక్ష ఫలితాన్ని చదివేటప్పుడు ఈ చరిత్రను పక్కన పెట్టుకునే చదవాలి.

అసలు నాచు వర్గానికే చెందిన క్లోరెల్లా మీద జపాన్‌లో చిన్న పరీక్ష జరిగింది. 12 మంది వృద్ధులు రోజుకు 8 గ్రాములు రెండు నెలలు తీసుకుంటే ఎర్రరక్తకణాల పొరల్లో కొవ్వులు పాడవడం తగ్గింది. డిమెన్షియా రోగుల్లో అదే రకం పాడు ఎక్కువగా ఉంటుంది కనుక దీన్ని మెదడుతో ముడిపెట్టారు. జ్ఞాపకశక్తిని అందులో కొలవలేదు.

సీసాలో ఉండే ముప్పు

మన పాఠకులకు అన్నిటికంటే దగ్గరి విషయం బి12. స్పిరులినా డబ్బాల మీద బి12 పుష్కలంగా ఉందని రాస్తారు. మాంసం తినని ఇళ్లలో ఆ మాట చూసే కొంటారు. పాత పద్ధతిలో బి12ను కొలిచేది ఒక బాక్టీరియా సాయంతో. నమూనా కలిపినప్పుడు ఆ బాక్టీరియా ఎంత పెరిగితే అంత బి12 ఉన్నట్టు. ఆ బాక్టీరియాకు అసలు బి12 అయినా, దాన్ని పోలిన నకిలీ అణువైనా ఒకటే. మనిషి పేగుకు ఆ రెండూ ఒకటి కావు. 1999లో జపాన్ శాస్త్రవేత్త ఫుమియో వతనబే బృందం స్పిరులినా మాత్రలను విడదీసి చూస్తే, అందులో బి12గా లెక్కకు వస్తున్నదాంట్లో 83 శాతం నకిలీదని, 17 శాతమే అసలుదని తేలింది. బి12 కొరత ఉంటే చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది, మరుపు వస్తుంది. ఆ మరుపు తొలిదశలో ఇంజెక్షన్లతో పోయేది. స్పిరులినా వేసుకుంటున్నామన్న ధీమాతో రక్తపరీక్ష చేయించుకోకపోతే, బాగయ్యే మరుపు బాగవనిదిగా మారుతుంది. క్లోరెల్లాలో అసలు బి12 ఉన్నట్టు, రోజుకు 9 గ్రాములు తీసుకున్న శాకాహారుల్లో కొరత గుర్తులు తగ్గినట్టు 2015లో ఒక అధ్యయనం చూపింది. కానీ కంపెనీకీ కంపెనీకీ ఆ మోతాదు మారిపోతుంది.

రెండో ముప్పు కల్తీ. శుభ్రమైన చెరువుల్లో పెంచిన స్పిరులినా వేరు, సరస్సుల్లో దొరికినదాన్ని పట్టి అమ్మే నీలి ఆకుపచ్చ నాచు వేరు. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని క్లామత్ సరస్సు నుంచి తీసే అఫానిజోమెనాన్ అనే రకాన్ని మెదడు చురుకుకు మందుగా అమ్ముతారు. ఆ సరస్సులోనే పెరిగే మైక్రోసిస్టిస్ అనే మరో రకం కాలేయానికి విషమైన మైక్రోసిస్టిన్‌ను తయారు చేస్తుంది. ఆరెగాన్ 1997లో గ్రాముకు ఒక మైక్రోగ్రాము మించకూడదని హద్దు పెట్టింది. తర్వాత పరీక్షించిన 87 నమూనాల్లో 85లో ఆ విషం కనిపించింది, 63 నమూనాల్లో హద్దు దాటింది.

సయనోబాక్టీరియాలలో బీఎంఏఏ అనే నాడీ విషం తయారవుతుందని, పసిఫిక్‌లోని గువామ్ దీవిలో చమోరో ప్రజలను పీడించిన కండరాల క్షీణత, పార్కిన్సన్స్, డిమెన్షియా కలిసిన జబ్బుకు అది కారణమై ఉండవచ్చని పాల్ కాక్స్ బృందం వాదించింది. వివాదం తేలలేదు. మెరుగైన పద్ధతులతో బజారు స్పిరులినాను పరీక్షించినవారికి ఆ విషం దొరకలేదన్నది ఊరట. అయినా ఏ బ్యాచ్‌కు ఆ బ్యాచ్ మైక్రోసిస్టిన్, సీసం, పాదరసం పరీక్షలు చేయించి ఫలితాలు చూపగల కంపెనీ సరుకే కొనడం మేలు. మన దేశపు ఆహార భద్రత నియమాల ప్రకారం ఆహార పూరకం ఏదీ జబ్బు నయం చేస్తుందని చెప్పుకోకూడదు. అలా రాసి ఉన్న డబ్బాను అక్కడే పక్కన పెట్టవచ్చు.

వంటలో వాడేవారు గమనించాల్సింది వేడి. ఫైకోసయనిన్ 60 డిగ్రీలు దాటితే త్వరగా విరిగిపోతుంది. ఉడుకుతున్న బెల్లం పాకంలో పొడి కలిపి చేసిన స్పిరులినా చిక్కీలో ఇనుము, ప్రొటీన్ మిగులుతాయి. మెదడుకు మేలు చేస్తుందని ఆశపడే నీలి పదార్థం చాలావరకు పోతుంది. మజ్జిగలోనో చల్లారిన జావలోనో కలిపితే నిలుస్తుంది. ఎండ తగిలినా అది చెడిపోతుంది కాబట్టి వెలుతురు చొరబడని డబ్బాలో ఉంచాలి.

శుద్ధమైన స్పిరులినా మామూలు మోతాదులో ఆరోగ్యవంతులకు ప్రమాదం కాదని 2011లో అమెరికా ఫార్మకోపియా నిపుణులు సమీక్షించి చెప్పారు. ఫినైల్‌కీటోన్యూరియాతో పుట్టినవారు మాత్రం దీన్ని తాకకూడదు, ఇందులోని ఫినైల్ అలనిన్ వారి మెదడునే దెబ్బతీస్తుంది. లూపస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కీళ్లవాతం వంటి స్వయం నిరోధక జబ్బులున్నవారిలో ఇది రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే అవకాశం ఉంది. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ లాంటి మాత్రలు వేసుకునేవారు, అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.